గిటారు బాబా, నేను, ఒక అబద్ధం

ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో నేను డ్రైవరుగా చేరి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఇంటి యజమాని, అంటే నాకు వీసా ఇచ్చిన కఫీల్, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం. మాట తక్కువ, కేకలు వేసే రకం కాదు. నా ఇఖామా, అదే అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్, గడువు దాటకముందే తనే గుర్తు పెట్టుకుని రెన్యూ చేయించేవాడు. ఇంటికాడ మా అమ్మ పోయినప్పుడు అడగకుండానే టికెట్ తీసి పంపాడు.

ఆయన తండ్రిని ఇంట్లో అందరమూ బాబా అనేవాళ్ళం. డెబ్బై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళ కిందట గుండెకు స్టెంట్లు వేశాక ఆయన్ను కారు నడపనివ్వలేదు. అప్పటి నుంచి ఆయన్ను తిప్పడమే నా పని. కఫీల్ నాకు మూడు చోట్లు చెప్పాడు. హాస్పిటల్, మసీదు, వాళ్ళ అన్నదమ్ములు సాయంత్రాలు కూర్చుని కబుర్లాడుకునే దివానియా. "నాలుగో చోటికి పోవాల్సి వస్తే ముందు నాకు ఫోన్ చెయ్" అన్నాడు. అంత మంచి మనిషి నాకు పెట్టిన షరతు అదొక్కటే.

బాబాకు హిందీ బాగా వచ్చు. చిన్నప్పుడు వాళ్ళ నాయన వ్యాపారం మీద బొంబాయి పోతూ ఆయన్ను వెంట తీసుకుపోయేవాడట. అందుకని మా మాటలన్నీ హిందీలోనే నడిచేవి, మధ్య మధ్య అరబీ. స్టెంట్లు వేశాక మొదటి ఆరు నెలలు ఆయన కారులో కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు తప్ప పలికేవాడు కాదు. ఒకరోజు ఉదయం హాస్పిటల్‌కు పోతుంటే జేబులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి, "ఇది పెట్టు" అన్నాడు.

ముందు గరగరమని శబ్దం. తర్వాత గిటారు, దాని వెనక డ్రమ్ములు, ఎవరో కుర్రాడు ఇంగ్లీషులో అరిచి పాడుతున్నాడు. పాత టేపు మీద నుంచి ఎక్కించిందని తెలిసిపోతోంది. నాకు ఆ పాట ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ డ్రమ్ము దెబ్బ ఇంగ్లీషు పాటలో ఉండే దెబ్బ కాదు. ఎక్కడో ఒక్క అర క్షణం ఆగి, పక్కకు ఒరిగి, మళ్ళీ వచ్చి కలిసేది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూసుకుంటే నా వేళ్ళు స్టీరింగు మీద ఆడుతున్నాయి. బాబా నా చేతుల వైపే చూస్తున్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఎక్కడా లేదు బాబా. ఊరికే."

"ఊరికే ఆ దెబ్బ ఎవరికీ రాదు. మా డ్రమ్ముల వాడు ఒక్కడికే వచ్చేది. వాడు పోయి పదేళ్ళయింది."

నేను ఆయనకు అబద్ధం చెప్పాను. మా నాయన పలక కొట్టేవాడు. కోస్తా వాళ్ళు డప్పు అంటారే, అదే. మా రాయచోటి పక్క జాతరలకు, ఊరేగింపులకు, చావులకు మా నాయన లేకుంటే జరిగేది కాదు. పదేళ్ళ వయసు నుంచి ఆయన పక్కన నిలబడి కొట్టాను. కుడిచేతిలో లావు పుల్ల, ఎడమచేతిలో సన్న పుల్ల, మంట దగ్గర కాచి బిగించిన తోలు. ఇంటర్‌లో ఉన్నప్పుడు మా క్లాసువాడి తాత చనిపోతే ఆ పాడె ముందు కొట్టాల్సి వచ్చింది. మరుసటి రోజు కాలేజీలో వాడు నన్ను పేరు పెట్టి పిలవలేదు. "ఏయ్ పలకోడా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి నేను పలక ముట్టుకోలేదు. నాయన పోయినప్పుడు కూడా వేరే ఊరి వాళ్ళు వచ్చి కొట్టారు. కొడుకునైన నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. కువైట్‌లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు మొదలు బాబా మాట్లాడడం మొదలుపెట్టాడు. నెలల తరబడి, హాస్పిటల్‌కు పోతూ వస్తూ, ముక్కలు ముక్కలుగా తన కథంతా చెప్పాడు.

పందొమ్మిది వందల అరవైలలో ఆయనకు పద్దెనిమిదేళ్ళు. స్కూలు స్నేహితులు అయిదుగురు కలిసి గిటారు బ్యాండు పెట్టారు. ఆయిల్ కంపెనీ వాళ్ళుండే అహ్మదీలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు దేశం విడిచి పోతూ అమ్మేసిన ఎలక్ట్రిక్ గిటారు బాబా చేతికొచ్చింది. దాన్ని దేనికి తగిలించాలో ఎవరికీ తెలియదు. బజారులో హైదరాబాదు నుంచి వచ్చిన రేడియో మెకానిక్ ఒకాయన ఉండేవాడట. ఎలక్ట్రిక్ గిటారు అనేదాన్ని జన్మలో చూడని ఆ మనిషి, రెండు పాత రేడియోలు విప్పి మూడు రోజుల్లో యాంప్లిఫయరు చేసిచ్చాడు. గాయకుడికి ఇంగ్లీషు అంతంతమాత్రం. రేడియోలో విన్న మాటల్ని అరబీ అక్షరాల్లో రాసుకుని పాడేవాడు. డ్రమ్ములు వాయించేవాడి తండ్రి, తాత ముత్యాల వేటకు పోయే పడవల మీద డోలు కొట్టినవాళ్ళు. తెరచాప లాగేటప్పుడు, తెడ్డు వేసేటప్పుడు కొట్టే దెబ్బను వాడు తెచ్చి ఈ పాటల కింద పెట్టాడు.

"అందరూ ఆ ఇంగ్లీషు పాటలే వాయించేవాళ్ళు. మా పాట వింటే మాత్రం ఇది కువైట్‌ది అని తెలిసిపోయేది" అని చెప్పేవాడు బాబా.

మొదటిసారి ఒక స్నేహితుడి ఇంటి ముంగిట్లో వాయిస్తే రెండో పాటకే ఫ్యూజు పోయింది. గిటార్లు మూగబోయాయి. డ్రమ్ముల వాడు మాత్రం ఆపలేదు. కరెంటు వచ్చేదాకా ఒక్కడే కొట్టాడు, జనం చప్పట్లతో దానికి అందుకున్నారు. ఆ తర్వాత స్కూళ్ళు, క్రీడా క్లబ్బులు. అహ్మదీలో ఇంగ్లీషు వాళ్ళ క్లబ్బుకు పిలిచారు గానీ వెనక తలుపు నుంచి లోపలికి రమ్మన్నారు. వెళ్ళి వాయించారు. రెండోసారి పిలిచినప్పుడు ముందు తలుపు నుంచైతేనే వస్తామన్నారు, ఆ తలుపు తెరిచారు. తర్వాత టీవీ. వీధిలో పిల్లలు వీళ్ళ మాదిరి జుట్టు పెంచుకుంటే తండ్రులు మంగలి షాపులకు లాక్కుపోయేవాళ్ళట.

"తర్వాత ఏమైంది బాబా?"

అక్కడికి వచ్చేసరికి ఆయన ఆగిపోయేవాడు. ఒక పెద్ద హాలులో ప్రోగ్రాం పెట్టారు, రికార్డులు చేసే కంపెనీ మనిషి బీరూట్ నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు, ఆ రోజు తాను పోలేకపోయాడు. అంతే చెప్పేవాడు. "మా నాయన గదిలో పెట్టి తాళం వేశాడు." గిటారు వాయించేవాడు లేని బ్యాండు ఆ రోజు స్టేజీ ఎక్కలేదు. వారం తిరగకముందే విడిపోయింది. ఆ తాళం మాటే అందరికీ కబురు పంపాడట, అయినా తండ్రిని ఎదిరించి రాలేదని గాయకుడు ఆయనతో మళ్ళీ మాట్లాడలేదు. ఒకే దేశంలో, అరగంట దూరంలో, యాభై ఏళ్ళకు పైగా.

పోయిన ఏడాది మార్చిలో ఆ గాయకుడి మనవరాలు బాబాకు ఫోన్ చేసింది. యూనివర్సిటీలో చదువుకునే అమ్మాయి. బాబా ఫోన్ స్పీకరులో పెట్టాడు కాబట్టి కారులో నేనూ విన్నాను. తాతకు గొంతులో క్యాన్సరు. నెలలోపు ఆపరేషను. ఆపరేషను తర్వాత గొంతు మిగలదని డాక్టర్లు చెప్పేశారు. "తాత మిమ్మల్ని పిలవమనలేదు. నేనే చేస్తున్నాను. మీ గిటారు మా ఇంట్లోనే ఉంది" అంది.

ఆ హాలుకు ముందే పంపించిన గిటారు. గాయకుడు దాన్ని ఇన్నేళ్ళూ దాచాడు.

ఫోన్ పెట్టేసి బాబా, "సాల్మియాకు పోదాం, వాడి ఇంటికి" అన్నాడు.

"కఫీల్‌కు చెప్పాలి బాబా."

"చెబితే వాడు డాక్టరుకు చెబుతాడు. డాక్టరు వద్దంటాడు. ఖలాస్, అక్కడితో అయిపోతుంది."

ఆయన చెప్పింది నిజమే. ఆయన బీపీ కొంచెం పెరిగితేనే ఇంట్లో అందరూ గాభరాపడేవాళ్ళు. ఫోన్ నా చేతిలోనే ఉంది. నేను చెయ్యలేదు. ఆ మంగళవారం ఉదయం కఫీల్ ఆఫీసుకు పోయాక కారు సాల్మియా వైపు తిప్పాను.

సముద్రం కనపడే పాత బిల్డింగులో ఆరో అంతస్తు. తలుపు తీసింది మనవరాలు. లోపల సోఫాలో బక్కపల్చటి ముసలాయన, మెడకు మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. లేవలేదు. బాబా గుమ్మంలోనే నిలబడ్డాడు. పలకరింపులు మొదలుపెడితే పావుగంట ఆపని ఈ దేశంలో, ఆ ఇద్దరూ ఒక్క సలాము చెప్పుకుని ఊరుకున్నారు. పక్క కుర్చీలో ఎర్ర గిటారు ఉంది. మనవరాలు కొత్త తీగలు వేయించింది. బాబా దాన్ని ఒళ్ళోకి తీసుకుని నొక్కాడు. వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. మొదటి స్వరం పలకలేదు, రెండోదీ పలకలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గాయకుడు కిటికీ వైపు చూస్తూ, బొంగురు గొంతుతో, "నిదానంగా. ఎక్కడికీ పోయే పని లేదు కదా ఈసారి" అన్నాడు.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. బాబా తల ఎత్తలేదు. కానీ వేళ్ళు ఆపలేదు.

గంట తర్వాత ఒక పాట మొదలు నుంచి చివరకు పోగలిగారు. మనవరాలు దాన్ని సరిగ్గా రికార్డు చెయ్యాలంది. డ్రమ్ముల మనిషిని ఎవరినైనా వెతకాలంది.

"వెతకనక్కర్లేదు. వీడు కొడతాడు" అని బాబా నా వైపు చూపించాడు.

"నాకు రాదు" అన్నాను.

"ఎందుకు దాస్తావు?" అని అడిగాడు బాబా. "నీ చేతులు ఏడాదిగా చూస్తున్నాను."

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. అప్పుడు చెప్పాను. నాయన సంగతి, పలక సంగతి, పాడె ముందు కొట్టడం, కాలేజీలో వాడు పిలిచిన పిలుపు. హిందీలో చెబుతుంటే ఆ పిలుపుకు సరైన మాట దొరకలేదు, తెలుగులోనే అన్నాను. వాళ్ళకు అర్థమై ఉంటుంది. గాయకుడు మనవరాలిని వంటింట్లోంచి ఒక పెద్ద రేకు పళ్ళెం తెమ్మన్నాడు. దాన్ని నా ముందు బోర్లించాడు.

"కొట్టు" అన్నాడు.

ఇరవై నాలుగేళ్ళ తర్వాత కొట్టాను. మొదట దెబ్బ తప్పింది. తర్వాత తప్పలేదు.

ఆ తర్వాత ఇంకో మంగళవారం వెళ్ళాం. ఇంట్లో పనిచేసే అక్క ఒకామె ఉండేది. మాకు పక్క మండలం ఆమెది, వంటిల్లంతా ఆమె చేతి మీదే నడిచేది. మేము తిరిగి వచ్చేసరికి నన్ను వెనక వాకిట్లో నిలేసింది.

"యాడికి పోతాండారు మీరిద్దరూ మంగళారం మంగళారం? నాకు తెల్దనుకోవాకు. మామా కూడా అడిగింది నన్ను."

మామా అంటే ఇంటావిడ, కఫీల్ భార్య. చెప్పక తప్పలేదు. విని తల పట్టుకుంది.

"నీకేమన్నా మతి ఉండాదా? దోవలో ఆయప్పకు గుండె పట్టుకుంటే ఏం జేచ్చావు? పాట పాడనీకి పోయినాం అంటావా? ఇంటికాడ పిల్లోల్లు ఉండారు, బాడుగ ఇల్లు ఉండాది. ఒక్క సంతకంతో ఇమానం ఎక్కిచ్చారు నిన్ను."

ఆమె అన్న ప్రతి మాటా నేను అప్పటికే వందసార్లు అనుకున్నదే. రాత్రుళ్ళు నిద్ర పట్టడం మానేసింది. కఫీల్ పొద్దున కారు దగ్గరికి వచ్చి, "బాబా ఎలా ఉన్నాడు, బాగా మాట్లాడుతున్నాడు ఈమధ్య, కదా?" అని సంతోషంగా అడుగుతుంటే నేను టైర్ల వైపు చూస్తూ తల ఊపేవాణ్ణి.

మూడో మంగళవారం గొడవ జరిగింది. పాట మధ్యలో గాయకుడు చెయ్యెత్తి ఆపాడు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"ఒక్కటి చెప్పు. నాకు మిగిలింది పది రోజుల గొంతు, కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను. మీ నాయన నిజంగానే తాళం వేశాడా?"

బాబా గిటారు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అవునని చెప్పేస్తాడని నేను అనుకున్నాను. యాభై ఏళ్ళుగా చెప్పిన మాటే కదా.

"లేదు. మా నాయన వద్దన్నాడు. అంతకు మించి ఏమీ చెయ్యలేదు. నేను వచ్చాను. హాలు ఎదురుగా కారులో కూర్చున్నాను. జనం లోపలికి పోతున్నారు. దిగడానికి నా కాళ్ళు రాలేదు. మీరు నా కోసం బయటికి వచ్చి వెతకడం కూడా చూశాను."

గాయకుడు సోఫాలో ముందుకు జరిగాడు.

"నువ్వు తాళం వేసిన గదిలో ఉన్నావని నీ తండ్రిని నేను తిట్టుకున్నాను. ఆయన పోతే జనాజాకు కూడా నేను రాలేదు. లే. పో ఇక్కడి నుంచి."

బాబా గిటారు కుర్చీలో పెట్టి లేచాడు. లిఫ్టులో ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. కారులో ఏసీ పెంచి, నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చాను. దారి పొడుగునా అద్దంలో ఆయన ముఖమే చూస్తూ నడిపాను. ఇంటికి చేరి ఆయన తన గదిలోకి పోయాక నా చొక్కా చూసుకుంటే తడిసి ఒంటికి అతుక్కుని ఉంది. ఇంతటితో అయిపోయిందని, ఇక చాలని, నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది.

మరుసటి వారం బుధవారం మనవరాలు ఫోన్ చేసింది. "ఆపరేషన్ ఆదివారం. తాత రేపు పొద్దున రమ్మంటున్నాడు. మాటలేమీ వద్దట. వాయిస్తే చాలట."

ఆ గురువారం పదింటికి బాబాకు హాస్పిటల్లో గుండె డాక్టరు అపాయింట్‌మెంటు. ముందు అక్కడికి పోదామని నేను బతిమాలాను.

"డాక్టరు వచ్చే వారం కూడా ఉంటాడు. వాడి గొంతు ఉండదు" అన్నాడు బాబా.

కఫీల్ ఆ పొద్దున ఆఫీసుకు బయలుదేరుతూ, "పది గంటలకు, మర్చిపోకు. పాత రిపోర్టులు తీసుకుపో" అని నాకు ఫైలు ఇచ్చాడు. ఆ ఫైలు ముందు సీటులో పెట్టుకుని నేను సాల్మియాకు నడిపాను.

ఈసారి ఇంటికి కాదు, మనవరాలి స్నేహితుడొకడు గిటారు నేర్పే గదికి. అది ఒక బిల్డింగు బేస్‌మెంటులో ఉంది. నిజం డ్రమ్ములు అక్కడున్నాయి. గాయకుడు మఫ్లరు తీసేసి మైకు ముందు నిలబడ్డాడు. బాబా వైపు చూడలేదు. బాబా ఆయన వైపు చూడలేదు. మొదటిసారి పాట మధ్యలో బాబా తప్పు చేశాడు. రెండోసారి గాయకుడికి దగ్గు తెర వచ్చి గోడ పట్టుకున్నాడు. మంచినీళ్ళు తాగి, మళ్ళీ అన్నట్టు వేలు తిప్పాడు. ఎక్కువసార్లు పాడలేడని అందరికీ తెలుస్తోంది.

బాబా చెయ్యి ఛాతీ మీదకు పోవడం చూశాను. నొప్పా అని అడిగితే లేదన్నాడు. మాత్రల డబ్బా కారులో ఉంది. తెస్తానని మెట్లెక్కి పైకి వచ్చాను. వెలుతురులోకి రాగానే జేబులో ఫోన్ వరసగా మోగింది. బేస్‌మెంటులో సిగ్నల్ లేదు. పదమూడు మిస్డ్ కాల్స్, అన్నీ కఫీల్‌వే. చూస్తుండగానే మళ్ళీ మోగింది.

"ఎక్కడున్నారు?"

"హాస్పిటల్లో" అన్నాను. ఆలోచించి చెప్పింది కాదు. నోట్లోంచి అదే వచ్చింది.

"ఏ ఫ్లోర్?"

"రెండో ఫ్లోర్. డాక్టరు గది బయట."

"నేను రెండో ఫ్లోర్‌లోనే ఉన్నాను" అన్నాడు కఫీల్. ఆయన గొంతు నేనెప్పుడూ అలా వినలేదు. "డాక్టరు గది బయటే నిలబడి ఉన్నాను. మా నాన్న బతికే ఉన్నాడా?"

బతికే ఉన్నాడని, బాగున్నాడని చెప్పి, అడ్రసు చెప్పాను. "అక్కడే ఉండు" అని పెట్టేశాడు.

మాత్రలు తీసుకుని మెట్ల మీద నిలబడ్డాను. చెబితే బాబాకు ఏమవుతుందోనని భయం. చెప్పకపోతే తలుపు తోసుకుని కొడుకు వచ్చి నిలబడినప్పుడు ఏమవుతుందోనని ఇంకో భయం. చివరకు కిందికి పోయి ఆయన చెవిలో చెప్పేశాను. కఫీల్ వస్తున్నాడు, హాస్పిటల్ నుంచి.

బాబా మాత్ర వేసుకున్నాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. తలుపు వైపు చూశాడు. లేచి పోదామంటాడనుకున్నాను, పోదామంటే బాగుండునని కూడా అనుకున్నాను.

"వాడు రావడానికి ఎంతసేపు?"

"అరగంట పడుతుంది బాబా."

"పాట నాలుగు నిమిషాలు" అని గిటారు సర్దుకున్నాడు. "కూర్చో. కొట్టు."

కూర్చున్నాను. నా గుండె దెబ్బ ఒక పక్క, పాట దెబ్బ ఇంకో పక్క. నాయన నేర్పినట్టు కళ్ళు మూసుకుని కుడిచేతిని వదిలేశాను. గాయకుడు గొంతు చించుకుని పాడాడు. పై స్వరం దగ్గర గొంతు చీలింది, ఆ చీలికతోనే పాడుకుంటూ పోయాడు. చివరి వరస దగ్గర మొదటిసారి బాబా వైపు తిరిగాడు. అయిపోయాక ఎవరూ కదల్లేదు. ఇంకొకసారి అని ఆయన చేత్తో సైగ చేశాడు. మళ్ళీ మొదలుపెట్టాం.

ఆ రెండో పాట సగంలో తలుపు తెరుచుకుంది. కఫీల్ నిలబడి ఉన్నాడు, ముఖం చెమటతో నిండి ఉంది. బాబా కొడుకును చూశాడు. చూసి, ఆపకుండా చివరిదాకా వాయించాడు. కఫీల్ అడ్డుపడలేదు. పాట అయ్యాక వచ్చి తండ్రి మోచెయ్యి పట్టుకుని లేపాడు, నాడి పట్టుకుని చూశాడు. గాయకుడికి సలాము చెప్పాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, మాట్లాడకుండా అరచెయ్యి చాపాడు. కారు తాళం అందులో పెట్టాను.

ట్యాక్సీలో ఎగైలా చేరాను. ఆ సాయంత్రం, మరుసటి రోజంతా నన్ను ఎవరూ పిలవలేదు. నా గదిలో సూట్‌కేసు దించి మంచం మీద పెట్టుకున్నాను, సర్దడానికి చేతులు రాలేదు. అక్క అన్నం తెచ్చిపెట్టి, ఈసారి తిట్టలేదు.

"బాబా చెప్పినాడు కొడుకుతో. తప్పంతా నాదే, వాన్ని ఏమీ అనొద్దు అన్న్యాడు. లోపల పెద్ద మాటలే అయినాయి. నువ్వు తిను ముందు."

శనివారం పొద్దున కఫీల్ పిలిచాడు. వాళ్ళ హాల్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"పేషెంటు రాలేదని హాస్పిటల్ వాళ్ళు నాకు ఫోన్ చేశారు. నీకు చేస్తే ఫోన్ కలవలేదు. దారిలో యాక్సిడెంటు అయిందనుకున్నాను. ఎమర్జెన్సీ వార్డులో ఒక్కో కర్టెన్ తీసి ఒక్కో మంచం చూసుకుంటూ పోయాను. ప్రతి కర్టెనూ తీసేముందు మా నాన్న ముఖమే అక్కడ ఉంటుందనుకున్నాను. పాట గురించి నాకు కోపం లేదు. నాకు చెప్పి ఉంటే నేనే తీసుకుపోయేవాణ్ణేమో. ఏమో, తీసుకుపోయేవాణ్ణి కాదేమో. కానీ నువ్వు హాస్పిటల్లో ఉన్నానన్నావు."

తప్పయిందన్నాను. అరబీలో గానీ హిందీలో గానీ తెలుగులో గానీ దానికి మించిన మాట నా దగ్గర లేదు.

నన్ను పంపెయ్యలేదు. కానీ బాబా పని నా నుంచి తీసేశాడు. ఆయనకు వేరే డ్రైవరునూ ఒక నర్సునూ పెట్టారు. నన్ను పిల్లల స్కూలు పనికి మార్చారు. ఆ మర్నాడు గాయకుడికి ఆపరేషను జరిగింది. బతికాడు, గొంతు పోయింది.

మే నెలలో ఒక సాయంత్రం నేను వాకిట్లో స్కూలు కారు కడుగుతుంటే కఫీల్ కారు వచ్చి ఆగింది. ఆయనే వెనక తలుపు తీసి గాయకుణ్ణి దింపాడు. డిక్కీలోంచి ఎర్ర గిటారు తీసి తనే మోసుకుని లోపలికి తీసుకుపోయాడు. కాసేపటికి ముందు గదిలోంచి గిటారు వినిపించింది. పాట లేదు. గాయకుడు పాడాల్సిన చోట ఎవరో బల్ల మీద అరచేత్తో దరువు వేస్తున్నారు. లయ ఎక్కడో తప్పుతోంది. నన్ను లోపలికి పిలుస్తారేమోనని పైపు కట్టేసి నిలబడ్డాను. పిలవలేదు.

కఫీల్ బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు.

"ఆ అమ్మాయి రికార్డింగు పంపింది. డ్రమ్ములు నువ్వేనా కొట్టింది?"

"నేనే."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా నాయన దగ్గర" అన్నాను.

ఆయన కొంచెంసేపు లోపలి గిటారు వింటూ నిలబడ్డాడు. తర్వాత వాచీ చూసుకుని, "యల్లా, పిల్లలకు ట్యూషన్ టైమయింది" అన్నాడు. నేను చేతులు తుడుచుకుని కారెక్కాను.